టోల్ కట్టిన రోడ్డు మీద గుంతలో పడి చక్రం పగిలింది, ఆ ఖర్చు ఎవరిని అడగాలి?

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు, పేరు వేయొద్దన్నారు. వినాయక చవితికి అత్తగారి ఊరు వెళ్లి తిరిగొస్తుంటే, రాత్రి ఎనిమిది దాటాక, జోరు వానలో, జాతీయ రహదారి మీద టోల్ ప్లాజా దాటిన కాసేపటికే కారు నీళ్లు నిండిన గుంతలో పడింది. నడుపుతున్నది ఆవిడే, స్పీడు 60, 70 మధ్య ఉంటుందట. ఎడమవైపు ముందు చక్రం అలాయ్ (లోహపు రిమ్ము) పగిలి టైరు గాలి మొత్తం పోయింది, వెనక టైరు పక్కభాగం నిమ్మకాయంత ఉబ్బింది. అప్పటికే మరో రెండు కార్లు అక్కడ ఆగి ఉన్నాయి. స్టెప్నీ వేయడానికి వచ్చిన పంక్చర్ షాపతను "వారం నుంచీ ఇదే పని మేడమ్, రోజూ ఎవరో ఒకరు పడుతున్నారు" అన్నాడట. వానలోనే ఫోన్లో నాలుగు ఫొటోలు తీసుకుని, ఉబ్బిన టైరుతోనే మెల్లగా ఇల్లు చేరారు.

ఇది జరిగి పది రోజులైంది. కారు షోరూమ్ వర్క్‌షాపులో ఉంది, పని ఇంకా మొదలుపెట్టలేదు. ఎస్టిమేట్ 34,000: అలాయ్ 11,500, రెండు టైర్లు 15,600, వంగిన లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి పట్టి ఉంచే కింది భాగం) 4,200, లేబరు, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ కలిపి 2,700. కారు మూడున్నరేళ్లది, 1200 సీసీ పెట్రోలు. పాలసీ ఫుల్ ఇన్సూరెన్సే కానీ మొన్న రెన్యువల్‌లో ఏజెంటు ప్రీమియం తగ్గించడానికి జీరో డెప్ (విడిభాగాలు పాతబడ్డాయని తరుగు కోయకుండా ఇచ్చే యాడాన్) తీసేశాడు. షోరూమ్ సర్వీస్ అడ్వైజర్ "టైర్లు ఇన్సూరెన్సులో రావు మేడమ్, గుంత అని రాస్తే తలనొప్పి, డివైడర్‌కి తగిలిందని రాసేయండి" అంటున్నాడు. వాళ్లాయన "పోనీలే, మనమే పెట్టుకుందాం, కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు" అంటున్నారు. లా చదివిన తమ్ముడేమో ముంబయి హైకోర్టు తీర్పు ఉంది, కేసు వేద్దాం పద అంటున్నాడు. ఆ రోజు వెనక సీట్లో కూర్చున్న అత్తగారు మాత్రం ఫోన్ చేసిన ప్రతి చుట్టానికీ "నిదానంగా నడిపితే ఇదంతా ఎందుకు వచ్చేది" అని చెబుతున్నారట. "నాకు కావలసింది డబ్బా, తప్పు నాది కాదని ఎవరైనా చెప్పడమా, అదే నాకు తెలియడం లేదు. ఏం చేయమంటారు?" అని ముగించారు.

సమాధానం:

అమ్మా, మీరు చివర్లో రాసిన ఆ వాక్యం దగ్గర్నుంచే మొదలుపెట్టాలని ఉంది గానీ, దానికంటే ముందు తొందరపడాల్సిన పని ఒకటుంది, అది చెప్పేస్తాను. పని ఇంకా మొదలుకాలేదన్నారు చూడండి, మీ ఉత్తరంలో అన్నిటికన్నా మంచి కబురు అదే. మొదలుపెట్టనివ్వకండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేస్తారో లేదో తర్వాత తేల్చుకుందురు గానీ, ఈ రోజే కంపెనీకి ఫోన్ చేసి జరిగింది చెప్పి క్లెయిమ్ నంబర్ తీసుకోండి. నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపే సర్వేయర్ చూడకముందే పాత విడిభాగాలు విప్పి కొత్తవి బిగించేస్తే, ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా ప్రయోజనం ఉండదు. పది రోజులు ఆలస్యమైంది కదా అని భయపడొద్దు. వెంటనే చెప్పాలని పాలసీలో ఉన్న మాట నిజమే, కానీ నిజమైన క్లెయిమ్‌ను కేవలం ఆలస్యం ఒక్కటే కారణంగా తోసిపుచ్చొద్దని బీమా నియంత్రణ సంస్థ 2011లోనే కంపెనీలకు సర్క్యులర్ ఇచ్చింది. ఎందుకు ఆలస్యమైందో ఉన్నదున్నట్టు రెండు ముక్కల్లో రాయండి, చాలు. చెప్పినంత మాత్రాన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ లేని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోదు, సాధారణంగా డబ్బు తీసుకుంటేనే పోతుంది. వద్దనుకుంటే క్లెయిమ్ వెనక్కి తీసుకున్నట్టు రాతపూర్వకంగా ఒక కాగితం తీసుకోండి.

ఇక ఆ డివైడర్ సలహా. అతను చెడ్డవాడని కాదు, కాగితాలు త్వరగా కదులుతాయని అలా చెబుతుంటారు, కానీ మీరు మాత్రం ఆ పని చేయొద్దు. డివైడర్‌కి రాసుకుంటే బయట వైపు గీతలు పడతాయి, బంపరో ఫెండరో నలుగుతుంది. మీ అలాయ్ గుంత అంచుకి కొట్టుకుని పగిలింది, కింద లోయర్ ఆర్మ్ వంగింది, ఆ తేడా సర్వేయర్‌కి చూడగానే తెలిసిపోతుంది. అబద్ధం అని తేలితే మొత్తం క్లెయిమే పోతుంది. దానికన్నా పెద్ద నష్టం ఇంకోటుంది, అది అతనికి తట్టలేదు: మీరు సంతకం పెట్టిన క్లెయిమ్ ఫారంలో డివైడర్ అని ఉంటే, రేపు రోడ్డు సంస్థ మీద ఫిర్యాదు చేసినప్పుడు అవతలి లాయర్ మొట్టమొదట చూపించేది ఆ కాగితమే. గుంత వల్ల జరిగిన నష్టం కూడా ప్రమాదమే, మీరు ఫుల్ ఇన్సూరెన్స్ అంటున్న కాంప్రిహెన్సివ్ పాలసీలో వస్తుంది. గుంత అని రాయడానికి సంకోచించాల్సిన పనే లేదు.

టైర్లు రావన్న మాట సగం నిజం. ఒక్క టైరే పాడైతే మామూలు పాలసీలో ఏమీ రాదు. కానీ అదే దెబ్బలో బండిలో వేరే భాగం కూడా దెబ్బతింటే టైరు ఖర్చులో సగం ఇవ్వాలి, ఆ మాట పాలసీ కాగితంలోనే ఉంటుంది. మీకు అలాయ్ పోయింది, లోయర్ ఆర్మ్ పోయింది, కాబట్టి సగం అడగండి. వెనక టైరు ఉబ్బు పాతదేనని సర్వేయర్ అనొచ్చు, ఆ రాత్రి ఫొటోల్లో వెనక చక్రం కూడా ఉంటే ఆ వాదన నిలబడదు. పాలసీలో ఇంకో షరతు కూడా ఉంటుంది, దెబ్బతిన్న బండిని బాగుచేయించకుండా నడిపితే ఆపైన పెరిగే నష్టం మీదే. ఉబ్బిందంటే టైరు లోపలి దారాలు తెగినట్టే, ఆ టైరుతో మళ్లీ రోడ్డెక్కకండి.

లెక్క వేసి చూద్దాం. మూడేళ్లు దాటి నాలుగేళ్లు నిండని బండికి లోహపు భాగాల మీద పాతబడినందుకు కోసే తరుగు 25 శాతం. అలాయ్‌కి 8,625, లోయర్ ఆర్మ్‌కి 3,150, టైర్లకి సగం 7,800, లేబరు 2,700 పూర్తిగా ఒప్పుకున్నారనుకుంటే 22,275 అవుతుంది. 1500 సీసీ లోపు కారుకి తప్పనిసరిగా కోసే వెయ్యి తీసేస్తే 21,275. టైర్లు బాగా అరిగి ఉంటే ఇంకొంచెం తగ్గొచ్చు. ఇప్పుడు రెండో వైపు చూడండి. ఇప్పటివరకు క్లెయిమ్ లేకపోతే మీ బోనస్ 35 శాతం ఉండాలి, వచ్చే రెన్యువల్‌కి 45 అవుతుంది, ఆ పై ఏడాది 50. ఇప్పుడు డబ్బు తీసుకుంటే అది సున్నాకి పడి మళ్లీ 20, 25, 35, 45 అంటూ మెట్లెక్కాలి. మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం (సొంత బండి నష్టానికి కట్టే భాగం) బోనస్ తీయకముందు 9,000 ఉందనుకుంటే, ఐదేళ్లలో మొత్తం మీద 10,800 వరకు పోగొట్టుకుంటారు. బండి విలువతో పాటు ప్రీమియం కూడా ఏటా తగ్గుతుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం తక్కువే. అంటే క్లెయిమ్ వల్ల మీకు నికరంగా మిగిలేది 21 వేలు కాదు, పది పన్నెండు వేలు. ఐదేళ్లలోపే కారు అమ్మేసి మళ్లీ కొననంటే క్లెయిమే లాభం. కొత్త కారు కొంటారంటే బోనస్ దానికి బదిలీ అవుతుంది కాబట్టి ఆలోచించాలి. క్లెయిమ్ చేసినా నో క్లెయిమ్ బోనస్ పోకుండా కాపాడే ఎన్‌సీబీ ప్రొటెక్ట్ అనే యాడాన్ ఉందేమో పాలసీలో ఒకసారి చూడండి, ఉంటే ఈ లెక్కంతా మీకు అనుకూలంగా మారిపోతుంది. మీ అంకెలతో మీ వారూ మీరూ కూర్చుని ఒక్క సాయంత్రం ఇది వేసుకోండి, ఇంట్లో సగం వాదన అక్కడే తగ్గుతుంది.

ఇప్పుడు రోడ్డు సంగతి. మీ కేసులో అసలు బలం మీరు టోల్ కట్టారన్నదే. కాలనీ రోడ్డులోనో మున్సిపల్ రోడ్డులోనో ఇదే జరిగి ఉంటే నేను చెప్పే మాట వేరేగా ఉండేది. అక్కడ మనం కట్టేది పన్ను, ఫలానా సేవకి ఫీజు కాదు కాబట్టి వినియోగదారుల కమిషన్‌లో నిలబడడం కష్టం, సివిల్ దావా వేయాలంటే ముందు నోటీసు ఇచ్చి గడువు ఆగాలి (ప్రభుత్వం మీదైతే రెండు నెలలు), 34 వేల కోసం అంత దూరం వెళ్లమని ఎవరికీ చెప్పలేను. టోల్ రోడ్డు అలా కాదు. డబ్బు తీసుకుని దారి ఇస్తున్నారు, ఆ దారి బాగుండాలి. టోల్ కట్టినవాళ్లు వినియోగదారులేనని వినియోగదారుల కమిషన్లు తీర్పులిచ్చిన సందర్భాలున్నాయి. 2025 ఆగస్టులో కేరళలో 544వ నంబరు జాతీయ రహదారి మీద రోడ్డు అధ్వానంగా ఉందని అక్కడి హైకోర్టు పాలియెక్కర ప్లాజాలో టోల్ వసూలే నాలుగు వారాలు ఆపించింది. జాతీయ రహదారుల సంస్థ సుప్రీంకోర్టుకి వెళ్తే, పన్నులు ముందే కట్టిన జనం గుంతల్లో పడి వెళ్లడానికి మళ్లీ డబ్బు కట్టక్కర్లేదన్న అర్థంలో చెప్పి ఆ కోర్టు అప్పీలు కొట్టేసింది. అది మీలాంటి ఒక్కరికి నష్టపరిహారం ఇచ్చిన తీర్పు కాదు, ఆ తేడా గుర్తుంచుకోండి, కానీ మీ ఉత్తరంలో ప్రస్తావించడానికి పనికొస్తుంది.

మీ తమ్ముడు చెబుతున్న ముంబయి తీర్పు వేరు. 2025 అక్టోబరులో వచ్చింది, గుంతల వల్ల చనిపోతే కుటుంబానికి 6 లక్షలు, గాయపడితే 50 వేల నుంచి రెండున్నర లక్షల దాకా ఇవ్వాలంది. అది మహారాష్ట్రకి, అదీ ప్రాణనష్టానికి, గాయాలకి. కారు చక్రానికి వర్తించదు. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 198ఏ సెక్షన్ కూడా అంతే, రోడ్డు నిర్వహణలో లోపం వల్ల ఎవరైనా చనిపోయినా, వైకల్యం వచ్చినా బాధ్యుల మీద లక్ష దాకా జరిమానా వేయొచ్చు, మీ రిమ్ముకి అందులో చోటు లేదు. తమ్ముడి ఉత్సాహం మంచిదే, ఆ ఉత్సాహాన్ని వినియోగదారుల చట్టం వైపు మళ్లించండి.

సాక్ష్యాల దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇలాంటి కేసులు అక్కడే పోతాయి. ఆ రాత్రి ఫొటోలు వాట్సాప్‌లో ఎవరికో పంపి ఊరుకోకండి, అలా వెళ్లిన కాపీలో తీసిన సమయం, చోటు వివరాలు చెరిగిపోతాయి. ఫోన్లో ఉన్న అసలు ఫైళ్లు అలాగే ఉంచి ఇంకోచోట కూడా దాచండి. కేసు దాకా వెళ్తే వాటితో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, అది తమ్ముడు చూసుకోగలడు. ఫాస్టాగ్ ఖాతా తెరిచి ఆ రోజు స్టేట్‌మెంట్ తీయండి. ఏ ప్లాజా, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి దాటారు, ఎంత కట్ అయింది అన్నీ అందులో ఉంటాయి. మీరు ఆ రోడ్డు మీద ఆ సమయంలో ఉన్నారనడానికి అంతకంటే గట్టి కాగితం దొరకదు. పంక్చర్ షాపతనికి ఫోన్‌పేలో డబ్బు పంపి ఉంటే ఆ లావాదేవీ కూడా దాచండి, కుదిరితే ఈసారి ఊరెళ్లేటప్పుడు అతని దగ్గర ఆగి నాలుగు లైన్లు రాయించుకుని సంతకం తీసుకోండి. వారం నుంచీ గుంత అలాగే ఉందన్న అతని మాటే మీ కేసుకి ప్రాణం, ఎందుకంటే నిన్న రాత్రి వానకే ఏర్పడిందని అవతలివాళ్లు అంటారు. ఆగి ఉన్న రెండు కార్లవాళ్ల నంబర్లు ఉంటే అడగండి, వాళ్ల నష్టం కూడా అదే తేదీది.

ఈలోపు గుంత పూడ్చేశారేమోనని కంగారు పడకండి. 1033 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి కిలోమీటరు రాయి నంబరుతో సహా ఫిర్యాదు నమోదు చేయండి, నంబరు తీసుకోండి. టోల్ ప్లాజా దగ్గర బోర్డు మీద వసూలు చేస్తున్న సంస్థ పేరు ఉంటుంది, ఫొటో తీయండి, అక్కడి ఫిర్యాదుల పుస్తకంలోనూ రాయండి. తర్వాత జాతీయ రహదారుల సంస్థకి పది రూపాయల ఫీజుతో ఆన్‌లైన్లోనే ఆర్‌టీఐ వేయండి. ఆ కిలోమీటరు పరిధిలో నిర్వహణ బాధ్యత ఎవరిది, గుంతలు ఎంతలో పూడ్చాలని ఒప్పందంలో రాసుకున్నారో ఆ పేజీల నకలు, ఆ నెలలో ఆ చోటు మీద వచ్చిన ఫిర్యాదులు, ఆ గుంత ఏ తేదీన పూడ్చారు, ఇంతవరకే అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. "ఎందుకు పూడ్చలేదు" అని మాత్రం అడగకండి, దానికి జవాబు రాదు.

ఆర్‌టీఐ జవాబు కోసం ఆగకుండా టోల్ సంస్థకీ, రహదారుల సంస్థ ప్రాజెక్ట్ డైరెక్టర్‌కీ రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి. కోపం అంతా అందులో పోయొద్దు, తేదీ, సమయం, చోటు, టోల్ వివరం, నష్టం, ఎంత కావాలి, ఎన్నాళ్లలో కావాలి, అంతే. చాలామంది ఈ ఉత్తరం రాయనే రాయరు. ఇక్కడ వచ్చే జవాబు మూడు రకాలుగా ఉంటుంది: అసలు జవాబే రాదు, మాకు సంబంధం లేదంటారు, లేదా ఎంతోకొంతకి మాట్లాడుకుందాం అంటారు. ఏది జరిగినా మీ ఫైలు బలపడుతుంది.

అక్కడితో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు వేసుకోవచ్చు, గుంత ఉన్న జిల్లాకి వెళ్లక్కర్లేదు. మీరు కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు, రెండేళ్ల గడువు ఉంది. వేయాలో లేదో తేల్చుకునే ముందు 1915 నంబరుకి ఫోన్ చేసి ఒకసారి మాట్లాడండి. చట్టంలో నెలల్లో తేల్చమని ఉన్నా, వాయిదాలతో అది ఏడాది దాటొచ్చు, అది తెలిసే దిగాలి. గెలిస్తే రిపేరు ఖర్చుతో పాటు మానసిక వేదనకీ ఖర్చులకీ కొంత రావచ్చు, ఓడితే మీరు పెట్టిన సమయం పోతుంది. స్పీడు గురించి తప్పకుండా అడుగుతారు, కొంత బాధ్యత మీదేనని తేల్చి మొత్తంలో కోత పెట్టే అవకాశం కూడా ఉంది.

రెండూ కలిపి చేయొచ్చా అంటే చేయొచ్చు, కానీ ఒకే నష్టానికి రెండు చోట్లా డబ్బు తీసుకోకూడదు. ఇన్సూరెన్స్ 21,275 ఇస్తే, రోడ్డు సంస్థని అడగాల్సింది మిగిలిన 12,725, బోనస్ పోవడం వల్ల నష్టం, కారు లేని రోజుల్లో క్యాబ్ ఖర్చు. ఆ క్యాబ్ బిల్లులు దాస్తున్నారా? ఇన్సూరెన్స్ జోలికి వెళ్లకుండా మొత్తం 34 వేలూ రోడ్డు సంస్థనే అడిగితే బోనస్ మిగులుతుంది, కానీ చేతి డబ్బు ఏడాది పైగా ఇరుక్కుపోతుంది, రాకపోవచ్చు కూడా. ఈ నెల మీ ఇంట్లో 34 వేలు బరువు అనిపిస్తే మొదటిది, సర్దుకోగలం అనుకుంటే రెండోది. ఇన్సూరెన్స్ కంపెనీ అన్యాయంగా కోత పెట్టిందనిపిస్తే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెలలో తేలకపోతే హైదరాబాద్‌లోనే ఉన్న బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, అక్కడా ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.

మీ వారు చెప్పినట్టు వదిలేయడం కూడా ఒక దారే, దాన్ని నేను తక్కువ చేయను. చిన్నపిల్లలో, ఉద్యోగంలో ఒత్తిడో ఉంటే వాయిదాల టెన్షన్ అందరికీ సరిపడదు. అలా వదిలేసినా 1033 ఫిర్యాదు, ఆ ఒక్క రిజిస్టర్డ్ ఉత్తరం మాత్రం మానకండి. రేపు అదే చోట ఎవరైనా బైకు మీద పడితే, ఈ గుంత సంగతి ఫలానా తేదీనే వాళ్లకి తెలుసని చెప్పే కాగితం అప్పటికే ఫైల్లో ఉంటుంది.

ఇక మీ చివరి వాక్యం. తప్పు మీది కాదని కమిషన్ తీర్పు వచ్చి అత్తగారికి చూపించేసరికి చాలా కాలం పడుతుంది, అందుకోసమే కేసు వేస్తానంటే వద్దంటాను. రాత్రి, వాన, నీళ్లు నిండిన గుంత, ముందే ఆగిపోయిన రెండు కార్లు, ఇవన్నీ ఆవిడ కూడా కళ్లారా చూసినవే. అప్పుడు వెనక సీట్లో ఆవిడ హడలిపోయి ఉంటారు, ఆ భయమే ఇప్పుడు ఫోన్లలో అలా బయటికి వస్తుందేమో. ఆవిడతో మాట్లాడాల్సింది మీ వారు, మీరు కాదు. "అమ్మా, ఆ రోజు స్టీరింగ్ గట్టిగా పట్టుకుని బండిని పక్కకి తీసింది తనే, లేకపోతే వెనక లారీ వచ్చి గుద్దేది" లాంటి మాట కొడుకు నోటి నుంచి వస్తే వేరుగా ఉంటుంది. అలాంటిది నిజంగా జరిగి ఉంటేనే అనమనండి. మీరు మాత్రం ఈ రాత్రే కూర్చుని ఆ రోజు జరిగింది వరసగా రాసుకోండి, ఏ లేన్, ఎంత స్పీడు, వైపర్లు ఎలా ఉన్నాయి, హెడ్‌లైట్ ఏది వేశారు. కమిషన్‌లో అడిగే ప్రశ్నలూ ఇవే, ఇంట్లో వచ్చే ప్రశ్నలూ ఇవే, ఆరు నెలల తర్వాత ఎవరికీ సరిగ్గా గుర్తుండవు.

సర్వేయర్ వచ్చే రోజు మీరు లేదా మీ వారు వర్క్‌షాపులో ఉండండి. పగిలిన అలాయ్, రెండు టైర్లు, లోయర్ ఆర్మ్, నాలుగూ పక్కపక్కన పెట్టి ఫొటో తీయించుకోండి, టైరు మీద ఉన్న నంబర్లు కనిపించేలా. క్లెయిమ్ అయితే పాత సామాను కంపెనీ తీసుకోవచ్చు, లేదంటే దాని విలువ కొంత తగ్గించి మీకే వదిలేస్తారు. మీకే వదిలేస్తే ఆ అలాయ్‌ని తుక్కుకి వేయకుండా, రోడ్డు సంస్థతో విషయం తేలేదాకా ఇంట్లోనే ఉంచండి.